ఎండబిళ్ళ

మొదటి బిడ్డ పోయిన పద్నాలుగు నెలలకు దమయంతికి మళ్ళీ నెల తప్పింది. ఆ సంగతి పది రోజులపాటు మొగుడికి కూడా చెప్పలేదు. పొద్దున్నే కడుపులో తిప్పుతుంటే పెరట్లోకి వెళ్ళి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఏమీ జరగనట్టు మొహం కడుక్కుని వచ్చేది. పదకొండో రోజున అత్త అసిరమ్మ పెరటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎన్నో నెలే?"

దమయంతి తల దించుకుంది.

"ఎందుకు సెప్పనేదు?"

"బయ్యమేసినాది అత్తా."

అసిరమ్మ దమయంతి తండ్రికి చెల్లెలు. ఆమె కొడుకు కూర్మారావు ఆటో నడుపుతాడు. దమయంతి అతన్నే చేసుకుని అత్తింటికొచ్చింది. నౌపడ ఉప్పుమడుల పక్కనున్న చిన్న ఊరు వాళ్ళది. ముప్పై ఏళ్ళుగా అసిరమ్మ ఆ మడుల్లో ఉప్పు లాగుతోంది. వానలు మొదలయ్యేదాకా ఆమె ఉండేది మడి గట్టు మీదే. ఎండకి కాలి కాలి ఆమె ఒళ్ళు ఇనుపరంగు తేలింది.

దమయంతి మాత్రం పంతొమ్మిదో ఏట నుంచి రొయ్యల షెడ్డులో పనిచేసింది. తెల్లారకముందే కంపెనీ బస్సెక్కాలి. షెడ్డులో మంచుగడ్డల చలి. మోచేతుల దాకా గ్లవ్సులు, మోకాళ్ళ దాకా బూట్లు, తలకి టోపీ, మూతికి గుడ్డ. దీపాలు పెట్టే వేళకి మళ్ళీ బస్సు. ఆరేళ్ళలో ఆమెకి ఎండ తగిలింది ఆదివారాల్లోనే.

మొదటి కాన్పప్పుడు ఏడో నెలలో కాళ్ళు వాచాయి. తలనొప్పి మొదలైంది. కళ్ళ ముందు మెరుపులు మెరిశాయి. షెడ్డులో రొయ్యల ట్రే మీదే పడిపోయింది. ఆసుపత్రిలో చూస్తే బి.పి. నూట తొంభై. ఫిట్స్ వచ్చాయి. మూడో రోజున కళ్ళు తెరిచేసరికి కడుపు ఖాళీగా ఉంది. ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

తర్వాత చేసిన పరీక్షల్లో ఒంట్లో డి విటమిన్ దాదాపు లేదని తేలింది. ఆర్నెల్లు పొడి పొట్లాలు పాలల్లో కలుపుకు తాగింది. రక్తంలో అంకె పెరిగింది కానీ, పెద్ద డాక్టరుకు అనుమానం తీరలేదు. విశాఖలో ఒక పరిశోధన కేంద్రానికి ఆమె రక్తం పంపించాడు. అక్కడి నుంచి డాక్టర్ మాలతీ పట్నాయక్ అనే ఆమె ఫోన్ చేసి, "మళ్ళీ గర్భం వస్తే ముందు నా దగ్గరికి రామ్మా, ఆలస్యం చెయ్యకు" అని చెప్పింది.

ఆ మాట గుర్తుపెట్టుకున్నది అసిరమ్మే. పెరటి గుమ్మంలో నిలబెట్టి అడిగిన మర్నాడే కొడుకునీ, కోడల్నీ తీసుకుని విశాఖ రైలెక్కింది.

* * *

డాక్టర్ మాలతి నలభై దాటిన మనిషి. ముగ్గుర్నీ నేరుగా ప్రయోగశాలలోకి తీసుకెళ్ళి, ఒక గాజు పళ్ళెం సూక్ష్మదర్శిని కింద పెట్టింది. ఎదురుగా గోడమీది తెరపై గుండ్రటి కణాలు కనిపించాయి.

"ఇవి మామూలు మాయ కణాలు. తల్లి నుంచి బిడ్డకి అన్నీ అందించే మాయ ఉంటుంది కదా, అది. ఇప్పుడు చూడండి."

ఒక చుక్క వేసింది. కాసేపటికి కణాలన్నీ లేత ఆకుపచ్చగా వెలిగాయి.

"అది డి విటమిన్. అందుకున్నాయి, పనిలోకి దిగాయి. ఇది నీలాంటి వాళ్ళ మాయ."

రెండో పళ్ళెంలో చుక్క పడింది. దమయంతి కళ్ళార్పకుండా చూసింది. నిమిషం గడిచింది. రెండు నిమిషాలయింది. తెర నల్లగానే ఉండిపోయింది.

"మందు ఉంది. దాన్ని పనికొచ్చేలా మార్చుకునే శక్తి ఆ కణాలకి లేదు. అందుకే మాయ సరిగ్గా పాతుకోదు, తల్లికి బి.పి. పెరుగుతుంది. అందరికీ వచ్చే బి.పి.కి కారణం ఇదే అనను. నీకు మాత్రం ఇదే. మీ అమ్మ వైపు నుంచి ఒకటి, నాన్న వైపు నుంచి ఒకటి, రెండు జన్యువులూ లోపం ఉన్నవే వచ్చాయి."

కూర్మారావు నెమ్మదిగా అడిగాడు. "మాది తరతరాల మేనరికం డాక్టరమ్మా. తప్పు మాదేనా?"

"తప్పని ఎందుకనుకుంటావు తమ్ముడూ? ఒకే ఇంటి జన్యువు రెండు దారుల్లో వచ్చింది. లోపం ఆ ఇంట్లోనే ఉంది, మందు కూడా అక్కడే దొరకొచ్చు."

మూడో పళ్ళెంలో నల్లటి కణాల పక్కన గోరంత చర్మం ముక్క ఉంది. డాక్టరు దానిమీద చిన్న దీపం వెలిగించింది. ఈసారి ముక్క అంచు నుంచి మొదలై, పొలంలో నీరు పారినట్టు, ఆకుపచ్చ నెమ్మదిగా కణాల మీదికి పాకింది.

"అదేటి?" అంది అసిరమ్మ ముందుకు వంగి.

"బతికున్న చర్మం. ఎండ తగిలితే తనే డి విటమిన్ తయారుచేసి, పనికొచ్చే రూపంలోకి మార్చి, అవసరమైనంత వదులుతుంది. మాత్రలు ఒక్కసారిగా పడతాయి, కాల్షియం పెరిగి బిడ్డకే చేటు. ఇది కొలిచి ఇస్తుంది. కాగితాల మీద దీనికి బారెడు పేరుంది. ఇక్కడికొచ్చే ఆడవాళ్ళు ఎండబిళ్ళ అంటారు."

బిళ్ళ చెయ్యాలంటే రక్తసంబంధం ఉన్న ఆడమనిషి చర్మం కావాలి. ఒక్క జన్యువైనా మంచిదై ఉండాలి. బిడ్డను మోసిన ఒళ్ళయితేనే ఆ కణాలకి ఈ పని తెలుస్తుంది. దమయంతి తల్లికి ముందే పరీక్ష చేశారు, పనికిరాలేదు. దమయంతి పుట్టకముందు ఆవిడకీ మూడు కాన్పులు పోయాయి.

అసిరమ్మ చీర చెంగు భుజంమీదికి తోసి చెయ్యి చాపింది. "నా యన్న కూతురే గదా. నా రగతం సూడండి."

* * *

అసిరమ్మ జన్యువుల్లో ఒకటి మంచిదే. ఆ కబురు విన్న సాయంత్రం దమయంతి ఏడ్చింది. మర్నాడు డాక్టరు ఒప్పందం కాగితం చదివి వినిపించాక ఆ ఏడుపు ఇంకో రకంగా మారింది.

చర్మం తీసేముందు, ఇచ్చే మనిషికి ఇరవై ఒక్క రోజులు మందు ఎక్కించాలి. ఆ మందు ఒంటిమీద చర్మం మొత్తాన్ని మేలుకొలుపుతుంది. ముక్క తీశాక మందు ఆపేస్తే చర్మం మళ్ళీ నిద్రపోవాలి. ఇంతవరకూ ఇచ్చిన పద్దెనిమిది మందిలో ముగ్గురికి అది నిద్రపోలేదు. అలాంటివాళ్ళు ఎండలోకి వెళ్తే ఒళ్ళు అదుపులేకుండా విటమిన్ తయారుచేస్తుంది, కాల్షియం పెరిగిపోతుంది, మూత్రపిండాలు పాడవుతాయి. వాళ్ళు జీవితాంతం నీడలో ఉండాల్సిందే. తగ్గినవాళ్ళు కూడా పరీక్షలన్నీ అయ్యేదాకా, అంటే ఆర్నెల్ల వరకూ ఎండలో కూర్చోకూడదు.

"నానొప్పుకోను" అంది దమయంతి ఇంటికొచ్చాక. "నీ బతుకంతా మడిలోనే గదా అత్తా. నీడలో కూకోబెడితే నువ్వేటైపోతావు?"

"సంతకం నాది. నీ వొప్పుకోలు ఎవులడిగినారు?"

"నాకు పిల్లలొద్దు."

అసిరమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. ఆపింది.

"ఒలే, నీకొక మాట సెప్పనేదు. నువ్వు తెలివినేకుండా పడున్నప్పుడు నర్సమ్మ గుడ్డలో సుట్టి నా సేతుల్లో ఎట్టినాది. గుంట. నీ నోరే. గోళ్ళు కూడా వొచ్చీసినాయి. కూర్మిగాడు సూడ్నేక బయిటికెల్లిపోనాడు. నానొక్కదాన్నే పట్టుకున్నాను, గంటసేపు."

దమయంతి కదల్లేదు. పుట్టింది ఆడపిల్లని ఆమెకి అప్పుడే తెలిసింది.

"అడుగుతావేమోనని సూసినాను. అడగనేదు. నాను సెప్పనేదు." అసిరమ్మ చేట పక్కన పెట్టింది. "ఎండదేటే, ముప్పయ్యేళ్ళు సూసినాను. పద్దెనిమిది మందిలో ముగ్గురికే గదా. నాకే రావాలనుందేటి?"

దమయంతి లేచి వెళ్ళి ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది. చిన్నప్పుడు సెలవులకి వచ్చినప్పుడు అలాగే పడుకునేది. ఆ ఒళ్ళోనే మొదటిసారి తన బిడ్డ కోసం గట్టిగా ఏడ్చింది.

* * *

వానలు పడి మడుల్లో పని ఆగిపోయింది. అసిరమ్మ విశాఖలో ఇరవై ఒక్క రోజులు మందు ఎక్కించుకుంది. ముంజేతి మీంచి రూపాయి కాసంత చర్మం తీశారు. గాజు గిన్నెలో రెండు వారాలు పెంచి, నాలుగో నెల వెళ్తుండగా దమయంతి ఎడమ భుజం కింద అతికించారు. చలి షెడ్డులో పాలిపోయిన చేతిమీద ఇనుపరంగు చుక్క. చూసినవాళ్ళు పుట్టుమచ్చ అనుకునేవారు.

దమయంతి షెడ్డు పని మానేసింది. రోజూ పొద్దున్న అరగంట వాకిట్లో కూర్చుని భుజానికి ఎండ చూపించేది. అసిరమ్మ గుమ్మం లోపల నీడలో కూర్చుని, "ఇటు తిరుగే, కొంగడ్డొచ్చినాది" అంటూ కేకలేసేది. కూర్మారావు బి.పి. మిషను పెట్టి అంకె గట్టిగా చదివేవాడు. నూట పది, నూట పన్నెండు, నూట ఎనిమిది. వినీ వినీ పక్కింటివాళ్ళు కూడా గోడమీంచి "ఈరోజెంత?" అని అడగడం మొదలెట్టారు.

ఆరో నెలలో మొదటిసారి బిడ్డ గట్టిగా తన్నినప్పుడు దమయంతికి బిళ్ళ దగ్గర వెచ్చగా అనిపించింది. అది నిజమో భ్రమో డాక్టరు కూడా చెప్పలేకపోయింది.

ఏడో నెల మొదట్లో తుఫాను వచ్చింది.

నాలుగు రోజులు పగలూ రాత్రీ తేడా లేదు. కరెంటు పోయింది. రోడ్డుమీద చెట్లు కూలాయి, వంతెన మీంచి నీళ్ళు పారాయి. రెండో రోజు బి.పి. నూట ముప్పై. మూడో రోజు నూట నలభై నాలుగు. నాలుగో రోజు నూట యాభై ఆరు, తలనొప్పి. కూర్మారావు మిషను పక్కన పడేసి లేచాడు. ఫోన్ అందేచోటు వెతుక్కుంటూ వానలో రైల్వే కట్ట దాకా పరిగెత్తి డాక్టరుతో మాట్లాడాడు.

"బిళ్ళ ఆకలితో ఉంది" అంది డాక్టర్ మాలతి. "బి.పి. మాత్ర వెయ్యండి. దారి తెరిపించమని కలెక్టరాఫీసు వాళ్ళతో నేను మాట్లాడతాను. ఈలోగా ఎండ కనిపిస్తే వదలకండి. ఎంతసేపుంటే అంతసేపు చూపించండి."

అయిదో రోజు పొద్దున్న మబ్బు విడింది. వాకిట్లో మాత్రం కూలిన చెట్టు కొమ్మల నీడే పడింది. అసిరమ్మ కోడల్ని లేవదీసి, నడుం చుట్టూ చెయ్యి వేసి, ఉప్పుమడుల వైపు నడిపించింది. అక్కడ చెట్టు లేదు, గోడ లేదు. గట్టుకి రెండు వైపులా నీళ్ళు, పైన ఆకాశం.

"నువ్వెందుకు వొచ్చినావు అత్తా? నువ్వు ఎండలో ఉండకూడదు. బావని రమ్మను."

"ఆడు దారి కోసం ఎల్లినాడు. నోరుముయ్యి."

దమయంతి కూర్చోలేకపోయింది. కళ్ళు తిరుగుతున్నాయి. అసిరమ్మ ఆమెని తన ఒంటికి ఆనించుకుని, తన కొంగు తీసి కోడలి మొహానికి నీడ పట్టి, రెండో చేత్తో ఆమె భుజాన్ని ఎండకి ఎత్తి పట్టుకుంది. అలా మధ్యాహ్నం దాకా ఉంది. సాయంత్రానికి బి.పి. నూట నలభై రెండు. మర్నాడు మళ్ళీ వచ్చారు. నూట ముప్పై నాలుగు. మూడో రోజు నూట ఇరవై ఎనిమిది. తలనొప్పి పోయింది. కడుపులో బిడ్డ కదిలింది.

ఆ సాయంత్రమే అసిరమ్మ చెంబు తర్వాత చెంబు నీళ్ళు తాగింది. తర్వాత వాంతులయ్యాయి. తెల్లవారేసరికి దమయంతిని చూసి, తన అన్న పేరు పెట్టి పిలిచింది.

దారి తెరిచాక అంబులెన్సు దమయంతి కోసం వచ్చింది. అందులో పడుకోబెట్టింది అసిరమ్మని.

* * *

అసిరమ్మ వారంపాటు సెలైన్ల మీద ఉంది. అయిదు వారాలు ఆసుపత్రిలోనే ఉంచారు. తెలివిలోకి వచ్చాక డాక్టర్ మాలతి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. దమయంతి కాళ్ళ దగ్గర నిలబడి ఉంది.

"అసిరమ్మగారూ, మీ చర్మం నిద్రపోలేదు. ఆర్నెల్లు నీడలో ఉంటే సద్దుమణిగేదేమో. ఖచ్చితంగా చెప్పలేను. ఇక ఎప్పటికీ ఎండ తగలకూడదు."

"సెప్పినారు గదా ముందరే."

"చెప్పాం. కాగితం చదివి సంతకం పెట్టించుకున్నాం. అయినా మీ మొహం చూసి ఈ మాట చెప్పడం నాకు కష్టంగా ఉంది."

అసిరమ్మ కిటికీ వైపు చూసింది. దానికి మందపాటి తెర వేసి ఉంది. ముప్పై ఏళ్ళ మడిపని ఆ చూపులో వెళ్ళిపోవడం దమయంతి చూసింది.

"పొద్దు పొడవకముందర ఎల్లొచ్చా?"

"వెళ్ళొచ్చు."

"ఎన్నెలేటీ సెయ్యదు గదా?"

డాక్టరు నవ్వబోయి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "వెన్నెల ఏమీ చెయ్యదు."

"అయితే సరే. నా కోడలికెంత?"

"నూట పద్దెనిమిది" అంది దమయంతి.

డాక్టరు ఇంకో విషయం అడిగింది. మందు ఏ రోజుకి ఏ మోతాదులో ఈ చర్మాన్ని అతిగా లేపిందో తెలుసుకోవాలంటే రోజూ రక్తం, వారానికో చిన్న చర్మం ముక్క కావాలి. నొప్పిగానే ఉంటుంది. వద్దంటే వద్దు.

"దానివల్ల నాకు తగ్గుతాదా?"

"తగ్గదు. మీ తర్వాత వచ్చేవాళ్ళకి రాకుండా చెయ్యొచ్చేమో."

"తీసుకోండి" అంది అసిరమ్మ, చెయ్యి చాపుతూ.

* * *

జనవరి మొదటి వారంలో దమయంతి ఆడపిల్లని కంది. రెండు కిలోల ఆరువందలు. పుట్టగానే గది అదిరేలా ఏడ్చింది. ఆ ఏడుపు వినపడినంతసేపూ దమయంతి కళ్ళు మూసుకుని వింది. కాన్పయిన ఆరో వారానికి ఎండబిళ్ళ తనంతట తనే ఎండి ఊడిపోయింది. దాన్ని సీసాలో పెట్టి ప్రయోగశాలకు పంపుతున్నప్పుడు ఆమెకి ఎవరినో ఊరికి సాగనంపుతున్నట్టు అనిపించింది.

షెడ్డుకి ఇక వెళ్ళలేదు. చంటిపిల్లకి నాలుగో నెల నడుస్తుండగా, ఏప్రిల్లో, అసిరమ్మకి బదులు మడిలోకి దమయంతి దిగింది. చీకటి విడుతుండగా ఇద్దరూ కలిసి వెళ్ళేవారు. ఉప్పు లాగే కర్రపలక ఎలా పట్టాలో, నీటి అడుగున మట్టి కదలకుండా ఉప్పు ఎలా దగ్గరికి లాగాలో అసిరమ్మ చూపించేది. తూర్పున ఎరుపు మొదలవగానే ఇంటికి బయల్దేరేది. మొదట్లో రెండు మూడుసార్లు గట్టు చివర ఆగి వెనక్కి చూసింది. దమయంతి అది గమనించి తల తిప్పుకునేది. అరచేతులు పొక్కులెక్కినా, ఉప్పునీళ్ళకి మండినా ఏనాడూ పైకి అనలేదు.

ఇంట్లో కిటికీలకి కూర్మారావు దళసరి గుడ్డలు కుట్టించాడు. నీడలో కూర్చున్న అసిరమ్మ ఒడిలో పిల్ల పెరిగింది. కొన్నాళ్ళకి అసిరమ్మ ఒంటి ఇనుపరంగు పలచబడింది. "దొరసాన్నైపోతన్నాను" అని తనమీద తనే నవ్వుకునేది. కొన్ని మధ్యాహ్నాలు మాత్రం ఎవరితోనూ మాట్లాడేది కాదు. అప్పుడు దమయంతి పిల్లని ఆమె పక్కన వదిలి, ఏమీ అడక్కుండా వంట చూసుకునేది.

అక్టోబరులో ఒక ఆదివారం డాక్టర్ మాలతి చెప్పాపెట్టకుండా వచ్చింది. పిల్లని ఎత్తుకుంది. అసిరమ్మ రక్తపరీక్ష కాగితాలు చూసి, మూత్రపిండాలు బాగున్నాయని చెప్పింది. తర్వాత సంచీలోంచి ఇంకో కాగితం తీసింది.

"మీ రక్తం, చర్మం చూశాక మందు ఇరవై ఒక్క రోజుల నుంచి తొమ్మిదికి తగ్గించాం. పద్ధతి మార్చాక పద్నాలుగు మంది చర్మం ఇచ్చారు. పద్నాలుగు మందీ మామూలుగా ఎండలో తిరుగుతున్నారు. ఒక్కరికీ ఏమీ కాలేదు. ఇంకో ఏడాది చూడాలి. అయినా మీకు ముందు చెప్పాలనిపించి వచ్చాను."

అసిరమ్మ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. ఆమెకి చదువు రాదు. అయినా పైనుంచి కిందికి చూసింది.

"పద్నాలుగు మందికీ ఏటీ కాలేదా?"

"ఏమీ కాలేదు."

"అయితే ఆకరిదాన్ని నానేనన్నమాట."

"అలాగే అనుకుంటున్నామండీ" అంది డాక్టరు.

"మంచిమాట సెప్పినావమ్మా." అసిరమ్మ మొహమంతా విచ్చుకుంది. కాగితం మడిచి రొంట్లో దోపుకుంది. "ఇంత మంచిమాట మోసుకొచ్చి ఊరికే ఎల్లిపోతావేటి? అన్నం తినెల్లు. ఒలే దమయంతీ, సేపల పులుసుంది గదా?"

వంటింటి నీడలో పీటలు వేశారు. దమయంతి అన్నం వడ్డించి, పులుసులో పెద్ద ముక్క వెతికి తీసి, ఆ కంచాన్ని రెండు చేతులా పట్టుకొచ్చి అసిరమ్మ ముందు పెట్టింది.

"అదేటే!" అసిరమ్మ కంగారుపడింది. "ఇంటికొచ్చిన మనిషిని వొదిలేసి నాకెట్టినావు? ముందు ఆవిడికి పెట్టు."

దమయంతి కదల్లేదు. డాక్టర్ మాలతి తన పీటని కాస్త వెనక్కి జరుపుకుంది.

"ఆవిడకే ముందమ్మా" అంది దమయంతితో.

అసిరమ్మ ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. తర్వాత చెయ్యి కడుక్కుని, మొదటి ముద్ద కలిపింది.